ముప్పై ఏడు డిగ్రీలు

సునేత్ర రోజుకు పదిహేనుసార్లు భూమి చుట్టూ తిరిగేది. అందులో ఐదారుసార్లు మాత్రమే మదనపల్లె శివార్లలోని అంతరిక్ష కేంద్రం మీదుగా పోయేది. పోయిన ప్రతిసారీ పది నిమిషాలు దొరికేవి. ఆ దూరదర్శిని అప్పటిదాకా చూసినదంతా కిందికి దించుకోవడం, ఇకముందు ఏం చూడాలో పైకి చెప్పడం, రెండూ ఆ పది నిమిషాల్లోనే జరగాలి. ఐదేళ్ళుగా ప్రమీల ఉద్యోగం అదే.

ప్రయోగించిన కొత్తలో సునేత్ర గురించి పత్రికలు బాగా రాశాయి. తర్వాత అందరూ మరిచిపోయారు. కేంద్రంలో మాత్రం పని ఒక రోజూ ఆగలేదు. వారానికోసారి ప్రమీల ఆదేశ పట్టిక తయారుచేసేది. ఏ గంటకు ఏ నక్షత్రం వైపు తిరగాలి, ఎంతసేపు చూడాలి, తిరిగేటప్పుడు అద్దంలో ఎండ పడకుండా ఎటునుంచి తిరగాలి, అన్నీ సెకన్లతో సహా అందులో ఉండేవి. బుధవారం ఆ పట్టికను కేంద్రం అధిపతి శ్రీకంఠం గారి బల్ల మీద పెడితే ఆయన ప్రతి పంక్తీ చదివి సంతకం చేసేవారు. ఆయన సంతకం లేకుండా ఒక్క పంక్తి కూడా పైకి పోదు.

నెలకోసారి ఆ పట్టికలో మంచు దులిపే పని ఉండేది. సునేత్ర అద్దం మైనస్ నూట పది డిగ్రీల చలిలో ఉంటుంది. యంత్రభాగాల్లో ఇరుక్కున్న కాస్త తేమ మెల్లగా బయటికొచ్చి అద్దం మీద పొరలా పేరుకుంటుంది. అందుకని అద్దం వెనకున్న తీగలను కాచి, రెండు గంటలపాటు దాన్ని ఇరవై డిగ్రీలకు తెచ్చి, మంచు ఎగిరిపోయాక మళ్ళీ చల్లబడనిస్తారు. ఆ తర్వాత అగస్త్య నక్షత్రాన్ని ఒకసారి చూస్తారు. అగస్త్యుడు ఏడాది పొడవునా సూర్యుడికి దూరంగా ఉంటాడు కాబట్టి ఎప్పుడైనా చూడవచ్చు. చుక్క చుక్కలాగే కనిపిస్తే అద్దం శుభ్రపడినట్టు.

అయితే మంచు దులిపిన ప్రతిసారీ అగస్త్యుడి చుట్టూ పల్చటి వెలుగు, పాలమరకలాంటిది, వెంట్రుకవాసి పెరిగేది. ఒక నెల మీట ఇరుక్కుపోయి అద్దం ఐదు గంటలు వెచ్చగా ఉండిపోతే ఆ నెల మరక మరీ ఎక్కువ పెరిగింది. ప్రమీల అదంతా కొలిచి, హద్దులోనే ఉందని నివేదికలో రాసేది. ఎవరూ అడగలేదు. ఆమె కూడా అంతకుమించి ఆలోచించలేదు.

ఆ అద్దం మీద పూతను శ్వేతిక అనేవారు. అంతకుముందు ప్రపంచంలో ఎక్కడా లేని పదార్థం. కేంద్రం వెనకే ఒక షెడ్డు వేసి, నాలుగేళ్ళలో మొత్తం పన్నెండు మందితో అద్దం పలకల మీద ఆ పూత పూయించి, చేత్తో మెరుగు పెట్టించారు. యంత్రాలకు రాని నునుపు వాళ్ళ చేతులకు వచ్చింది. పన్నెండు మందిలో ఎక్కువమంది నీరుగట్టువారిపల్లె మగ్గాల ఇళ్ళవాళ్ళు. తెగిన పట్టుపోగును కంటికి కనపడకుండా అతికించే చేతులు వాళ్ళవి. వాళ్ళందరికీ పెద్ద ప్రమీల అక్క రెడ్డెమ్మ. చెల్లెలి చదువు రెడ్డెమ్మ మగ్గం మీద నడిచింది. తనకు కేంద్రంలో ఉద్యోగం వచ్చిన మర్నాడే, షెడ్డులో మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి, ప్రమీలే అక్కను తీసుకెళ్ళి చేర్పించింది.

ఆ పని ముగిసి షెడ్డు మూసి దాదాపు ఆరేళ్ళయింది. తయారీ రహస్యం బయటికి పోకూడదని మిగిలిన పొడినంతా కరిగించేశారు. నమూనా పలకలనూ వదల్లేదు.

రెడ్డెమ్మకు దగ్గు మొదలై రెండేళ్ళు దాటింది. మొదట క్షయ అన్నారు, మందులు మింగించారు, తగ్గలేదు. తర్వాత మిగతా పదకొండు మందీ ఒకరి వెనక ఒకరు అదే ఆసుపత్రి మెట్లెక్కారు. ఛాతీ వైద్యురాలు డాక్టర్ నసీమా పన్నెండు మందినీ ఒకచోట కూర్చోబెట్టి మీరంతా ఎక్కడ కలిశారని అడిగితే గానీ షెడ్డు సంగతి తేలలేదు.

ఊపిరితిత్తుల్లోకి ఉప్పునీళ్ళు పంపి, దుమ్ముతోపాటు వెనక్కి తోడేసే పద్ధతి ఒకటుంది. నసీమా ఇద్దరికి అలా కడిగి చూసింది. ఈశ్వరయ్య వారానికే లేచి నడిచాడు. చెంగమ్మకు బల్ల మీదే నెత్తురు పొంగి ప్రాణం పోయింది. ఇద్దరికీ ఒకటే జబ్బు. ఒకరు ఎందుకు బతికారో, ఒకరు ఎందుకు పోయారో డాక్టరుకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఆమె ఎవరినీ కడగలేదు. చివరికి జబ్బు ముదిరినవాళ్ళకు ఇక ఆలస్యం చేయలేమని, వచ్చే వారం రెడ్డెమ్మతో మళ్ళీ మొదలుపెట్టాలని అనుకుంది. సంతకం కోసం ప్రమీలను పిలిపించింది.

ఆ రోజు నసీమా రెడ్డెమ్మ ఛాతీ ఎక్స్‌రేలు రెండు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకటి నిరుడు తీసింది, ఒకటి ఈ ఏడాది. రెండోదాంట్లో తెల్లటి గీతలు ఎక్కువగా, పొడవుగా ఉన్నాయి.

"మీ అక్క షెడ్డు వదిలి ఆరేళ్ళవుతోంది. కొత్తగా దుమ్ము లోపలికి పోలేదు. మరి ఇదెట్లా పెరుగుతోంది? దుమ్ము పెరగదు కదండీ," అంది డాక్టర్.

ప్రమీల ఆ గీతల వంక చూసింది. తను ఐదేళ్ళుగా నెలనెలా కొలిచి, హద్దులోనే ఉందని రాసిన మరక ఆమెకు గుర్తొచ్చింది. చలిలో ఉన్నంతసేపు ఆ మరక పెరగలేదు. వెచ్చబెట్టినప్పుడే పెరిగింది. ఎక్కువసేపు వెచ్చబెడితే ఎక్కువ పెరిగింది. షెడ్డులో పూత ఆరగానే పలకలను శీతల గదిలోకి ఎందుకు తోసేవాళ్ళో కూడా అప్పుడర్థమైంది. శ్వేతిక వెచ్చదనానికి సూదుల్లా మొలుస్తుంది. మనిషి ఒంట్లో ముప్పై ఏడు డిగ్రీల వేడి, పగలూ రాత్రీ ఆరకుండా ఉంటుంది.

ఆమె ఆ సంగతి చెప్పగానే నసీమా మిగతాది ఊహించింది. సూదులు చిన్నవిగా విడివిడిగా ఉన్నంతకాలం నీళ్ళతో కొట్టుకొస్తాయి. పెరిగి పెరిగి ఒకదాన్నొకటి అల్లుకున్నాక కడిగితే కండను చీల్చుకుని వస్తాయి. చెంగమ్మకు జరిగింది అదే అయి ఉండాలి. ఎన్నాళ్ళకు అల్లుకుంటాయో తెలిస్తే ఎవరిని కడగవచ్చో, ఎవరిని ముట్టుకోకూడదో తెలుస్తుంది. రెడ్డెమ్మ ఊపిరితిత్తి నుంచి ఆవగింజంత ముక్క తీశారు గానీ, కండను కరిగించే ద్రావకంలో వేయగానే సూదులు విరిగి పొడయ్యాయి. పరీక్షకు శ్వేతిక కావాలి. ఈశ్వరయ్యను కడిగిన నీళ్ళు ఎప్పుడో పారబోశారు, కొత్తగా తయారుచేయాలంటే నెలలు పడుతుంది. అది ఇప్పుడు రెండు చోట్లే ఉంది, ఇంకా కడగని పదిమంది రొమ్ముల్లో, భూమికి ఐదువందల కిలోమీటర్ల పైన.

ప్రమీల తిన్నగా శ్రీకంఠం గారి దగ్గరికి వెళ్ళింది. అద్దాన్ని తొమ్మిది రోజులపాటు ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఉంచి, ప్రతి చుట్టులోనూ అగస్త్యుణ్ణి చూస్తూ పోతే సూదులు పెరిగే వేగం తెలుస్తుందని చెప్పింది. ఆ తర్వాత అద్దం ఇక ఏ నక్షత్రాన్నీ సరిగా చూడలేదని కూడా చెప్పింది.

శ్రీకంఠం గారు సునేత్ర కోసం ఇరవై రెండేళ్ళు పనిచేశారు. గత రెండు నెలలుగా అది ఒక చిన్న ఎర్ర నక్షత్రాన్ని చూస్తోంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద గాలి ఉందా, అందులో నీటి ఆవిరి ఉందా అన్నది ఆ పరిశీలన పూర్తయితే తేలుతుంది. ఇంకా ఇరవై ఆరు రోజుల పని మిగిలింది. మళ్ళీ అలాంటి అద్దం తన జీవితకాలంలో తయారుకాదని ఆయనకు తెలుసు.

ఆయన కోప్పడలేదు. ఆ ఇరవై ఆరు రోజులు ఆగి తర్వాత అద్దాన్ని ఏమైనా చేసుకోమన్నారు. అందుకు అనుమతి కోరుతూ పైవాళ్ళకు ఉత్తరం కూడా రాశారు. పైవాళ్ళు వెంటనే జవాబిచ్చారు. షెడ్డుకూ జబ్బుకూ సంబంధం రుజువు కాలేదు కాబట్టి అద్దాన్ని ముట్టుకోవద్దన్నారు. అది రుజువు చేయడానికే ఈ పరీక్ష అన్న మాట ఆ జవాబులో ఎక్కడా లేదు.

బుధవారం నాటికి మంచు దులిపే వంతు వచ్చింది. ప్రమీల పట్టిక తయారుచేసింది. వేడిమి దగ్గర ఇరవై బదులు ముప్పై ఏడు అని రాసింది. రెండు గంటల తర్వాత తీగలను ఆపమనే పంక్తి రాయలేదు. ఆ కింద అన్ని గంటల్లోనూ ఒకటే పేరు, అగస్త్య. దాచడానికేమీ ప్రయత్నించలేదు. తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి నిలబడింది.

శ్రీకంఠం గారు ఎప్పటిలాగే మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టారు. పెన్ను ఒక్కో పంక్తి మీదుగా దిగుతూ వచ్చి ముప్పై ఏడు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత కిందికి, పంక్తి లేని చోటికి వచ్చింది.

"మీ అక్క వయసెంత?" అన్నారు తలెత్తకుండా.

"నలభై ఆరు సార్."

"పలకలు తనిఖీ చేయడానికి వారంవారం షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. లోపలికి అడుగుపెట్టే ముందు పెద్ద ముసుగు ఇచ్చేవాళ్ళు నాకు. వాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని ఉండేవాళ్ళు. తేడా నాకు కనిపించింది ప్రమీలా. అడగలేదు."

ఆయన సంతకం చేసి కాగితం ఆమె వైపు జరిపారు. మర్నాడు పట్టిక పైకి పోయేదాకా ఉన్న గంటలన్నీ ఎర్ర నక్షత్రానికే ఇవ్వమని మాత్రం కోరారు. ఆమె ఇచ్చింది.

మర్నాడు ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు సునేత్ర కొండల మీదుగా వచ్చింది. ప్రమీల పట్టిక పంపింది. అందిందని జవాబు వచ్చింది. ఆ తర్వాతి చుట్టులో అద్దం మైనస్ నలభై, ఆ తర్వాత సున్నా దాటింది. సాయంత్రానికి ముప్పై ఏడు దగ్గర నిలిచింది. అగస్త్యుడు మొదటి రోజు చుక్కలాగే ఉన్నాడు. మూడో రోజుకు చుట్టూ మరక కట్టింది. ఆరో రోజుకు చుక్క ఏదో మరక ఏదో విడదీయడం కష్టమైంది. తొమ్మిదో రోజున తెర మీద కనిపించింది మసకబారిన తెల్లటి ముద్ద. పైనుంచి రోజూ ఫోన్లు వచ్చాయి. అన్నిటికీ శ్రీకంఠం గారే జవాబు చెప్పారు. పట్టిక తాను చదివే సంతకం పెట్టానని అన్నారు. మూడో రోజు ఆయన్ను పదవి నుంచి తప్పించారు గానీ, కొత్త ఆదేశాలు రాయడం తెలిసింది ప్రమీల ఒక్కదానికే. ఆమె రాయలేదు.

లెక్క తేలింది. మనిషి ఒంటి వేడిలో శ్వేతిక సూదులు అల్లుకోవడానికి ఆరేళ్ళ మూడు నెలలు పడుతుంది. అటూఇటూ మూడు నాలుగు రోజుల తేడా, అంతే.

చివరి పలక పూత చెడిపోయి రెండోసారి పూయాల్సి వచ్చినప్పుడు, షెడ్డు మూసే ముందు, నలుగురిని కొత్తగా తీసుకున్నారు. బతికిన ఈశ్వరయ్య వాళ్ళలో ఒకడు. మిగిలిన ముగ్గురికి ఇంకా ఇరవై రెండు రోజుల గడువు ఉంది. వాళ్ళను వెంటనే కడగవచ్చు. శ్రీకంఠం గారు అడిగిన ఇరవై ఆరు రోజులు ఆగి ఉంటే ఆ గడువు కూడా దాటిపోయేది. తక్కిన ఏడుగురూ మొదటినుంచీ షెడ్డులో ఉన్నవాళ్ళు. వాళ్ళ లోపల ఎప్పుడో అల్లుకుపోయింది. ముట్టుకుంటే చెంగమ్మకు అయినట్టే అవుతుంది.

లెక్క తేలేదాకా ఆపి ఉంచిన జాబితాలో మొదట ఉన్న రెడ్డెమ్మ పేరును నసీమా కొట్టేసింది. తనే వచ్చి చెబుతానంది. ప్రమీల వద్దంది.

రెడ్డెమ్మ వార్డులో కిటికీ పక్కన, రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదు. బావ గంగాధరం ఆమెకు గంజి తాగించి గిన్నె కడగడానికి వెళ్ళాడు. ప్రమీల మంచం మీద కూర్చుని, ముగ్గురి పేర్లూ చెప్పింది.

"నా పేరు యాడుండాది?" అంది రెడ్డెమ్మ.

"లేదక్కా."

"నన్నే ముందు కడుగుతామనిరి గదా. ఎవురు తీసేసిరి?"

"నా లెక్క చూసి తీసేసినారు."

రెడ్డెమ్మ ఊపిరి అందుకుంది. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"లెక్క సరిగ్గా చూసినావా పమీ? ఇంగోసారి చూడు. యాడన్నా తప్పుండొచ్చు."

చూస్తానని ప్రమీల చెప్పింది. వెళ్ళి నిజంగానే చూసింది. మూడుసార్లు మొదటినుంచి చేసింది. ఐదేళ్ళ పాత కొలతలన్నీ తీసి కలిపింది. రెడ్డెమ్మ పేరు గడువుకు ఇవతలికి రావాలంటే లెక్క నాలుగేళ్ళు తప్పాలి. నాలుగు రోజులు కూడా తప్పలేదు. మర్నాడు వచ్చి అదే చెప్పింది.

"ముగ్గుర్లో షకీలా ఉండాది గదా?" అని అడిగింది రెడ్డెమ్మ.

"ఉండాది."

"దాన్ని ముందు కడగమను. అది బో భయస్తురాలు. ఆలస్యం చేస్తే పారిపోతాది."

ఆ తర్వాత ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ రోజు ఇంక చెల్లెలితో మాట్లాడలేదు. గంగాధరం వచ్చి ఏమైందని అడిగితే ప్రమీల వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. ఆయన చేతిలోని గిన్నెను అటూఇటూ తిప్పుతూ అంతా విన్నాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ప్రమీలకు చాలాసార్లు అనిపించింది.

ముగ్గురికీ గడువులోపలే కడిగారు. ముగ్గురూ బతికారు. షకీలా పది అడుగులు వేస్తే ఆగి నిలబడాలి, అయినా బతికింది. రెడ్డెమ్మ నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, భర్తా చెల్లెలూ చెరో పక్కన ఉండగా పోయింది. ఆఖరి వారంలో ఆమె చెల్లెలితో మామూలుగానే మాట్లాడింది. ఆ లెక్క ప్రస్తావన మాత్రం మళ్ళీ తేలేదు. మిగిలిన ఆరుగురు ఏడాదిన్నర లోపల ఒక్కొక్కరే పోయారు.

విచారణ జరిగింది. సునేత్రను పాడుచేశారని శ్రీకంఠం గారి మీద, ప్రమీల మీద తప్పు మోపారు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఎర్ర నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద ఏముందో తేలనే లేదు. గుడ్డిదైన దూరదర్శిని కొన్నాళ్ళు ఉత్తినే తిరిగింది. తర్వాత దాన్ని సముద్రంలోకి దింపేశారు.

శ్రీకంఠం గారు ఒకసారి నీరుగట్టువారిపల్లె వచ్చి, గంగాధరం మగ్గం ముందు పావుగంట కూర్చుని వెళ్ళారు. గంగాధరం నేత ఆపలేదు.

రెండేళ్ళ తర్వాత కేంద్రం కొత్త దూరదర్శిని పని మొదలుపెట్టింది. ఈసారి అద్దం ఇంకా పెద్దది. పూతకు శ్వేతికను మించినది దొరకలేదు. చలిలో అది పెరగదని ఇప్పుడు రుజువైంది కాబట్టి, షెడ్డు మొత్తాన్ని గడ్డకట్టే చలిలో ఉంచి పని చేయిస్తారట. మెరుగు పెట్టడానికి సన్నపని తెలిసిన ఆడవాళ్ళు కావాలని ఊళ్ళో కరపత్రాలు పంచారు.

ఎంపిక జరిగే రోజు పొద్దున ప్రమీల గేటు దగ్గరికి వెళ్ళింది. షకీలా కూడా వస్తానంది. ఆటో దిగి గేటు దాకా నడవలేక కల్వర్టు మీద కూర్చుండిపోయింది. గేటు బయట వరసలో యాభై మంది దాకా ఉన్నారు. ప్రమీల ఒక్కొక్కరి దగ్గరా ఆగి, చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెబుతూ పోయింది. కల్వర్టు మీద కూర్చున్న మనిషిని చూపించింది. కొందరు విన్నారు. కొందరు తల తిప్పుకున్నారు. కాపలావాడు వచ్చి దూరంగా ఉండమని రెండుసార్లు చెప్పాడు.

వరస మధ్యలో ఒక అమ్మాయి చేతిలో కరపత్రం ఉంది. ఇరవై ఏళ్ళకు మించి ఉండవు. ప్రమీల చెప్పినదంతా ఓపిగ్గా విని, కాగితం తెరిచి వేలు పెట్టి చూపించింది.

"ఈసారి ఏం కాదంట గదక్కా. చల్లగుంటే అది పెరగదని ఎవురో ప్రమీల అనే ఆమె కనిపెట్టిందంట. ఈడ రాసినారు చూడు."

ప్రమీల చూసింది. తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది.

"ఆ ప్రమీలను నేనే," అంది. "షెడ్డు చల్లగానే ఉంటాది తల్లీ. నువ్వు చల్లగుండవు గదా."

ఆ అమ్మాయి కరపత్రం వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూసింది. అప్పుడే గేటు తెరిచారు. వరసలోంచి పదకొండు మంది బయటికి వచ్చారు. ఆ అమ్మాయి రాలేదు. మిగిలినవాళ్ళు ముందుకు జరిగి ఖాళీలు పూడ్చుకున్నారు.